తెలుగును ‘తర్వాతి అప్‌డేట్‌’కు వాయిదా వేయొద్దు

మా మేనల్లుడు కోనసీమలో అంబాజీపేట దగ్గర ఇంట్లో కూర్చుని మూడేళ్లుగా ఒక్కడే ఒక గేమ్ తయారు చేస్తున్నాడు. గోదావరి డెల్టా కాలువల మీద గేమ్ అది. కాలువ మట్టం మారే చోట ఉండే లాకుల తలుపులు తీస్తూ వేస్తూ పడవను దాటించాలి, దాళ్వాకు, అంటే రెండో పంటకు, వంతుల లెక్కన నీళ్లు వదలాలి, కాలువ చివరనున్న శివారు చేలు ఎండకుండా చూసుకోవాలి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో విడుదలకు ఇంకా రెండు నెలలే ఉంది. మొన్న ఫోన్ చేసి, “మావయ్యా, తెలుగు ఇప్పుడు కుదిరేలా లేదు. ముందు ఇంగ్లిష్‌లో వదిలేసి, తెలుగు తర్వాత అప్‌డేట్‌లో పెడతాను” అన్నాడు. వద్దన్నాను.

వాడి ఇబ్బంది నిజమైనదే. ఇంగ్లిష్ అక్షరాల్లా పక్కపక్కన పేర్చేస్తే తెలుగు కుదరదు, ఒత్తు కిందికి దిగాలి. వాడు వాడే ఇంజిన్‌కు, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు, ఆ పని రాదు. ‘నీళ్లు’ అని కొడితే స్క్రీన్ మీద ‘నీళ్‌లు’ అని విడిపోయి పడింది. నీళ్ల మీద చేసిన గేమ్‌లో ఆ మాటే విరిగిపోయి కనబడితే ప్రాణం ఉసూరుమంటుంది. 2023లో వచ్చిన గోడో 4 లాంటి ఇంజిన్లు ఒత్తులను సరిగానే చూపిస్తాయి గానీ, ఇప్పుడు ఇంజిన్ మార్చడమంటే కోతల ముందు మళ్లీ నారు పోసుకోవడమే. మిగిలిన దారి ఒక్కటే, ప్రతి వాక్యాన్నీ బొమ్మగా చేసి పెట్టడం. గేమ్ మొత్తం మీద 140 వాక్యాలున్నాయి. పది రోజుల పని.

ఆ పది రోజులు ఎక్కడివి అంటాడు. స్టీమ్‌కు 100 డాలర్లు కట్టాక 30 రోజులు ఆగాలి. ‘త్వరలో’ అనే పేజీ కనీసం రెండు వారాలు అందరికీ కనబడాలి. పేజీనీ గేమునూ వాళ్లు చూసి సరే అనాలి. ట్రైలర్, డెమో, పన్ను ఫారాలు అన్నీ ఒక్కడే చూసుకోవాలి. ఇంత టెన్షన్‌లో ఏదో ఒకటి పక్కన పెడదామనిపించడం సహజం.

కానీ పక్కన పెట్టాల్సింది తెలుగు కాదు. గేమ్‌ను విష్‌లిస్ట్‌లో, అంటే కొనాలనుకున్నవాటి జాబితాలో, పెట్టుకున్నవాళ్లకు విడుదలైందంటూ స్టీమ్ మెయిల్ పంపేది విడుదల రోజే. మొదటి రివ్యూలూ ఆ వారంలోనే పడతాయి. అప్పుడు లేని తెలుగు నాలుగు నెలల తర్వాత వస్తే చెప్పేదెవరు, చూసేదెవరు? తెలుగులో ఆడేవాళ్లు ఎంతమంది ఉంటారనే ప్రశ్న న్యాయమైనదే. స్టీమ్‌లో తక్కువే, ఆ లెక్క చూస్తే డబ్బులు రావు. అయితే 2024 ఒక్క ఏడాదే స్టీమ్‌లో 18 వేలకు పైగా గేములు వచ్చాయి. అంత గుంపులో నీళ్ల పజిల్ అని చెప్పుకుంటే ఎవరూ ఆగి చూడరు. లాకు, వంతు, శివారు అనే మాటలతో, ఆ అక్షరాలతో కనబడేదే కోనసీమ గేమ్ అనిపించుకుంటుంది.

నన్ను గట్టిగా ఒప్పించింది మాత్రం లొల్ల లాకుల దగ్గర పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. మావాడు లాప్‌టాప్ తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. ఒత్తులు విరిగిన ఆ తెలుగునే కూడబలుక్కుంటూ చదివి, పడవను లాకు గదిలోకి తెచ్చి, దిగువ వైపు తలుపు నొక్కారు. తలుపు తెరుచుకుంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. “ఇదేంట్రా అబ్బాయ్! గదిలో నీళ్లు అంతెత్తున ఉండగా ఆ తలుపు కదుల్తుందా? నీళ్లే దాన్ని అదిమి పట్టేస్తాయి. మట్టం దిగాలి, రెండు వైపులా సమం కావాలి. అప్పుడు చేత్తో తోసినా వస్తుంది” అన్నారు.

మూడేళ్లలో ఆడి చూసిన స్నేహితులెవరికీ ఆ తప్పు కనబడలేదు. అందరూ ఇంగ్లిష్ చదవగలరు, లాకు తిప్పినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఇప్పుడు ఆ తలుపు మట్టం సమమయ్యేదాకా కదలదు. పడవలో కూర్చుని నీళ్లు దిగేదాకా ఎదురుచూడటం ఆ గేమ్‌లో అన్నిటికన్నా మంచి ఘట్టమని నా అభిప్రాయం. తెలుగు లేకపోతే అది లేదు.

ఇంకో మాట. ఊళ్లో గేమ్ చేస్తున్నాడంటే, డబ్బులు పోయే యాపా అని అడుగుతున్నారు. ఆన్‌లైన్ రమ్మీని మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ 2025లో కేంద్ర చట్టం నిషేధించింది. అయినా ఆ భయం పోలేదు. కొడుకు మూడేళ్లు ఏం చేశాడో వాళ్లమ్మ స్వయంగా చదువుకుని ఆడి చూడగలిగితే, ఆ ఇంట్లోనైనా ఆ ప్రశ్న ఉండదు.

పది రోజులు చాలకపోతే విడుదల ఒక నెల జరగనీ. స్టీమ్‌లో తేదీ దగ్గరపడ్డాక, చివరి రెండు వారాల్లో సొంతంగా మార్చుకోవడం కుదరదు. అందుకే ఈ వారమే తేల్చుకోమన్నాను. ‘నీళ్లు’ ఒత్తుతో సహా కుదిరిన బొమ్మ ఒకటి నిన్న రాత్రి పంపాడు. ఇంకా 139 ఉన్నాయి.