తుప్పు కూడా వారసత్వమే

పాత ఇటాలియన్ కూపేల మీద, అంటే రెండు తలుపుల స్పోర్టు కార్ల మీద, లోకం మోపిన నిందలకు లెక్కలేదు. దారిలో ఆగిపోతాయట. చినుకు పడితే అలుగుతాయట. వాటి వైరింగ్ వేసింది ఎలక్ట్రీషియన్ కాదు, భావకవి అట. ఈ నిందలన్నిటినీ తీవ్రంగా ఖండించాల్సిన సమయం వచ్చింది. ఆగిపోయిన కారును మళ్లీ నడిపించవచ్చు, కరిగిపోయిన కారుతోనే చిక్కు. అసలు దోషి తుప్పు. శిక్ష మాత్రం అరవై ఏళ్లుగా ఇంజన్ అనుభవిస్తోంది.

ఈ జాతికంతటికీ ప్రతినిధిగా ఆల్ఫా రోమియో 105 సిరీస్ కూపేని తీసుకుందాం. 1963లో జూలియా స్ప్రింట్ జీటీగా బయటికొచ్చింది. గీసింది బెర్టోనే సంస్థలో పనిచేస్తున్న జోర్జెట్టో జుజారో, అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు. మామూలు కార్లు నాలుగు గేర్లతో, డ్రమ్ము బ్రేకులతో, ఇనప ఇంజన్లతో సరిపెట్టుకుంటున్న రోజుల్లో దీనికి అయిదు గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, వాల్వులు తెరిచే రెండు క్యామ్‌షాఫ్టుల అల్యూమినియం ఇంజన్. బరువు టన్ను చుట్టుపక్కల. వెనక రెండు సీట్లు కూడా ఉన్నాయి, కాళ్లు ఇంట్లో పెట్టి రాగలిగినవాళ్ల కోసం. తర్వాత 1779 సీసీ ఇంజన్ పెట్టి, దానికి 1750 అని పేరు పెట్టారు, యుద్ధానికి ముందటి తమ 6సీ 1750 కారు మీది గౌరవంతో. కొలతల కన్నా సెంటిమెంటే ముఖ్యమని కంపెనీ తన వైపు నుంచి కొనేవాడిని ముందే హెచ్చరించిందన్నమాట.

కొనేవాడు హెచ్చరికలు వినడు, ఇంజన్ వింటాడు. బానెట్ ఎత్తించి, ఎక్స్‌లేటర్ తొక్కించి, కళ్లు మూసుకుని తలాడిస్తాడు. తర్వాత పెయింటు మీద తన మొహం చూసుకుని అడ్వాన్సు ఇచ్చేస్తాడు. ఈ పద్ధతిలో లోపమల్లా ఒక్కటే. చూడాల్సింది మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప కనిపించదు.

తలుపుల కింద ఇరుపక్కలా పొడవుగా సాగే పెట్టె లాంటి భాగాన్ని సిల్ అంటారు. వేరే ఛాసిస్ లేని ఈ కారుకు వెన్నెముక అదే. బయటి రేకు, మధ్య రేకు, లోపలి రేకు అని మూడు పొరలుంటాయి. నీరు చేరేది లోపల, తుప్పు మొదలయ్యేది మధ్యలో, బయటికి కనిపించేది ఆఖరున. కాబట్టి బయట చిన్న బుడగ కనిపించిందంటే లోపల కార్యక్రమం ముగింపుకొచ్చినట్టే. దీనికి వ్యాపారులు కనిపెట్టిన వైద్యం అద్భుతం. కుళ్లిన రేకును కదిలించకుండా దాని మీదే కొత్త రేకు అతికి, లప్పం రాసి, పెయింటు కొడతారు. మేడిపండుకు పాలిష్ పెట్టడం ఇదే.

పట్టుకోవడం కష్టమేమీ కాదు. చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి సిల్ పొడవునా జరపండి. లప్పం మందంగా ఉన్నచోట అది పట్టు వదిలేస్తుంది. తర్వాత జాకీ పెట్టే చోట జాకీ పెట్టి కారు ఎత్తించి, తలుపు తెరిచి మూయండి. తలుపు ఒరుసుకున్నా, సందు వెడల్పు మారినా ఆ సిల్ అలంకారానికి ఉంచిందే. యజమాని జాకీ పెట్టడానికే ఒప్పుకోకపోతే ఇంకా మంచిది, పరీక్ష చేయకుండానే ఫలితం వచ్చేసింది. ఇక కార్పెట్ ఎత్తి ఫ్లోరు, ముందు అద్దం కింది మూలలు, డిక్కీలో స్టెప్నీ గుంత, వెనక చక్రాల ఆర్చీలు, వెనక ఇరుసును బాడీకి కలిపే ట్రెయిలింగ్ ఆర్మ్‌లు ఫ్లోరుకు బిగిసే చోటు కూడా చూడాలి. ఆ చివరిది అందరూ మరిచిపోతారు, ఇరుసును పట్టుకుని ఉండేది మాత్రం అదే.

తుప్పు సంగతి ఎత్తగానే అభిమాని ఒక పురాణం విప్పుతాడు. ఫియట్ వాళ్లు సోవియట్ యూనియన్‌లో ఫ్యాక్టరీ కట్టిచ్చినందుకు బదులుగా నాసిరకం ఉక్కు వచ్చిందనీ, ఇటలీ కార్ల ఖర్మ అక్కడే కాలిందనీ చెబుతాడు. ఆ ఒప్పందం 1966 నాటిది. ఆల్ఫా రోమియో ఫియట్ చేతికి వెళ్లింది 1986లో. 1963 కారు రాబోయే ఒప్పందాన్ని తలుచుకుని ముందే తుప్పు పట్టిందనుకోవాలి. నిజమైన కారణాలు అంత రసవత్తరంగా ఉండవు. మూసిన పెట్టెల లోపలికి ప్రైమర్ సరిగా అందలేదు. నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయి. ఫ్లోరు మీద చప్పుడు ఆపడానికి వేసిన ప్యాడ్లు పట్టు సడలి, నీటిని పీల్చి దాచుకున్నాయి. ఇందులో మాస్కో ప్రమేయం లేదు.

బాగు చేయించేవాళ్లు ఒక్క క్రమం గుర్తుపెట్టుకోవాలి. సిల్ కోసేముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనప కడ్డీ వెల్డ్ చేయించాలి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. రెండూ ఒకేసారి కోస్తే కారు నడుము వంగుతుంది, తర్వాత ఏ తలుపూ ఏ సందులోనూ పట్టదు. కొత్త రేకులు వేశాక లోపలి పెట్టెల్లోకి తుప్పు ఆపే మైనం, అంటే క్యావిటీ వ్యాక్స్, కొట్టించాలి, నీటి రంధ్రాలు మాత్రం తెరిచే ఉంచాలి. ఈ టింకరింగ్ ఖర్చు తరచూ కారు కొన్న ధరను దాటుతుంది. ఈ విషయం కుటుంబ సభ్యులకు ఎప్పుడు చెప్పాలన్న దానిపై వర్క్‌షాప్ మాన్యువల్ మౌనంగా ఉంది.

నిందపడ్డ ఇంజన్ దగ్గరికొద్దాం. క్యామ్‌షాఫ్టులు తిప్పేది గొలుసు, బెల్టు తెగుతుందన్న బెంగ లేదు. ఆ బెంగే కావాలనుకునేవాళ్లకు ఫియట్ 124 కూపే ఉంది. ఆల్ఫా కోరేది సహనం. కింద ఆరు లీటర్లకు పైగా ఆయిల్ ఉంటుంది, అది కాగడానికి నీరు కాగడం కన్నా ఎక్కువసేపు పడుతుంది. నీటి వేడి చూపే ముల్లు లేచిందని ఆర్‌పీఎం లేపేవాడు, సిలిండర్ల పైమూత అయిన హెడ్ కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్‌కు తానే ముహూర్తం పెట్టుకుంటున్నాడు. ఆ గాస్కెట్‌లో ఆయిల్ దారుల చుట్టూ ఆరు చిన్న రబ్బరు ఓ-రింగులుంటాయి. అవి గట్టిపడితే ఆయిల్ నీటిలోకి చేరుతుంది, రేడియేటర్ మూత తీస్తే నూనె తెట్టు కనిపిస్తుంది. ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ మాత్రమే కనిపిస్తే అప్పుడే ఏడవనక్కర్లేదు, చిన్న చిన్న ప్రయాణాల తేమ వల్ల కూడా అది వస్తుంది.

హెడ్ తీశాక ఉత్సాహం కొద్దీ క్రాంక్ తిప్పి చూసే మెకానిక్‌కు మాత్రం దూరంగా ఉండండి. పిస్టన్లు కదిలే గొట్టాలైన సిలిండర్ లైనర్లు బ్లాకులో ఊరికే కూర్చుని ఉంటాయి, పైన హెడ్ బిగింపే వాటిని పట్టి ఉంచేది. బిగింపు లేకుండా తిప్పితే పిస్టన్‌తో పాటు లైనర్ పైకి లేచి, అడుగు సీలు పాడవుతుంది. గాస్కెట్ పని కాస్తా ఇంజన్ పని అవుతుంది. వాల్వ్ సందులు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. 1750, ఆ తర్వాత వచ్చిన 2000 ఇంజన్లకు ఇన్‌టేక్ 0.475 నుంచి 0.50 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.525 నుంచి 0.55. తేడా ఉంటే క్యామ్‌షాఫ్టు విప్పి, కింద ఉన్న షిమ్ అనే పలచటి బిళ్ల మార్చాలి. స్క్రూ తిప్పితే సరిపోతుందన్నవాడు వేరే కారు గురించి మాట్లాడుతున్నాడు.

కార్బొరేటర్ల విషయంలో యజమానులది తపస్సే. ఐడ్లింగ్ సరిగా లేదంటూ రెండు వెబర్ కార్బొరేటర్ల జెట్లు మార్చి మార్చి జీవితం గడిపేస్తారు. కార్బొరేటర్‌కూ హెడ్‌కూ మధ్య ఉన్న రబ్బరు మౌంట్లు పగిలి గాలి పీలుస్తున్నాయేమో చూడరు. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా మౌంట్ల మీద కార్బ్ క్లీనర్ కాస్త కొడితే, ఆర్‌పీఎం మారిన చోట పగులుంది. ఎగ్జాస్ట్ అవతలి పక్కన ఉంటుంది కాబట్టి సరిపోయింది, అయినా మంటలార్పే డబ్బా చేతికందే దూరంలో పెట్టుకోండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు పైపులు మెత్తబడి చీలుతాయి, వాటినీ మార్చేయాలి.

భావకవి వైరింగ్ రహస్యం ఇంతకన్నా చిన్నది. కోన్ ఆకారపు పింగాణీ ఫ్యూజులు స్ప్రింగు రేకుల మధ్య నిలబడి ఉంటాయి, చిలుము పడితే కరెంటు ఆగుతుంది. వేలితో అటూ ఇటూ తిప్పితే లైటు వెలుగుతుంది. దీన్ని కొందరు ఇటాలియన్ మాయ అంటారు. ఫ్యూజు కొనలు శుభ్రం చేసి, ఎర్త్ తీగలు బిగిసే చోట మెరిసే లోహం తేలేదాకా గీకి, ఇంజన్‌కూ బాడీకీ మధ్య కొత్త ఎర్త్ పట్టీ వేస్తే మాయ సగం చచ్చిపోతుంది. రెండో గేరు గరగరకు మాత్రం మాయ లేదు. గేర్లను సాఫీగా కలిపే సింక్రో అరిగింది. గేర్‌బాక్స్ చల్లగా ఉన్నంతసేపు తొందరపెట్టకుండా మార్చడమే మర్యాద.

సొంతదారు అయ్యాక మిగిలేది వంశగౌరవం. ఇదే కూపేకి రేసుల రూపమైన 1965 నాటి జీటీఏలో రేకులు అల్యూమినియంవి, సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులు. దాంతో చిన్న ఇంజన్ల మామూలు 1300 జూనియర్లు ఎన్నో జీటీఏ బ్యాడ్జీ తగిలించుకుని కులీనులైపోయాయి. పాత అయస్కాంతమే ఇక్కడా పనికొస్తుంది, జీటీఏ తలుపుకు అది అతుక్కుందంటే ఆ జీటీఏని నమ్మొద్దు. ఈ కూపేలో ఒక్కో మోడల్‌కు ఒక్కో ఇంజన్ నంబరు ఉంటుంది, అది కూడా చూడండి. 2000 జీటీవీకి ఏఆర్ 00512, 1750కి ఏఆర్ 00548, 1600 జీటీవీకి ఏఆర్ 00536తో మొదలవ్వాలి. ఛాసిస్ నంబరు పంపితే కంపెనీ వారసత్వ విభాగం నుంచి ధ్రువపత్రం కూడా వస్తుంది, కారు ఏనాడు తయారైందో, ఏ రంగులో బయటికెళ్లిందో అందులో ఉంటుంది. ధగధగలాడే ఎర్ర కూపేల యజమానుల్లో ఈ పత్రం తెప్పించుకోవడానికి తటపటాయించేవాళ్లు ఉంటారు. ఫ్యాక్టరీలో వేసిన రంగు ఫాజ్జో అనబడే లేత గోధుమ వన్నె అని తేలితే, ఎరుపు కోసం పెట్టిన ఖర్చును మళ్లీ అంతే ఖర్చు పెట్టి గీకించాలి కదా.