తవ్వక ముందే రెండు లెక్కలు

‘ఎలాగూ పునాది తీస్తున్నాం, ఇంకాస్త లోతుకు దిగితే నేల కింద సెల్లార్‌గా ఒక అంతస్తు కలిసొస్తుంది కదా!’ ఇల్లు కట్టాలనుకున్న ప్రతి కుటుంబంలోనూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినపడుతుంది. కారు పెట్టుకోవచ్చు, సామాన్లు సర్దుకోవచ్చు, అవసరమైతే ఓ గది అద్దెకిచ్చుకోవచ్చు అంటూ ఆశలు పెరుగుతాయి. ఈ మాట కొన్నిచోట్ల అక్షరాలా నిజం. చాలాచోట్ల మాత్రం అది జీవితకాలపు పొదుపును మట్టిపాలు చేసే మాట. తమ స్థలం ఈ రెంటిలో ఏ కోవకు చెందుతుందో తెలుసుకోకుండానే పొక్లెయిన్‌ను పిలిపిస్తున్నవారిని చూస్తే ఆందోళన కలుగుతోంది.

అది ఎక్కడ నిజమో ముందు చూద్దాం. ఉత్తర అమెరికాలోని శీతల ప్రాంతాల్లో చలికాలంలో నేలలోని తేమ గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది ఆ పొరలో ఉంటే ఇంటినే పైకి ఎత్తేస్తుంది. అందుకే అక్కడ పునాదిని మంచు చేరని లోతుకు, చాలాచోట్ల మీటరుకు పైగా, దించక తప్పదు. అంత తవ్వాక మరికొంత తవ్వి సెల్లార్ కట్టుకోవడం లాభసాటే. వాలు నేలలోనూ అంతే. కొండవాలున ఒకవైపు మట్టిని ఎలాగూ చెక్కాలి, రెండోవైపు వెలుతురుకు, తలుపుకు దానంతటదే దారి ఉంటుంది. కానీ నేల గడ్డకట్టని ప్రాంతంలో, మీటరు లేదా మీటరున్నర లోతులోనే గట్టి నేల తగిలే చదునైన స్థలంలో, అంతకుమించి తవ్వే ప్రతి అడుగూ అదనపు భారమే.

ఆ భారం ఎంతో ఉజ్జాయింపుగా చూడవచ్చు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న ఇంటి కింద మూడు మీటర్ల లోతు తవ్వితే వచ్చే మట్టి 300 ఘనపు మీటర్లు. అయితే గోడలకు బయటివైపు వాటర్‌ప్రూఫింగ్ చేయడానికి పనివారు నిలబడే చోటు కావాలి. చుట్టూ మీటరు చొప్పున వదిలినా తవ్వకం 432 ఘనపు మీటర్లవుతుంది. తవ్విన మట్టి గుల్లబారి పొంగుతుంది. నాలుగో వంతు పెరిగిందనుకున్నా 540 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌కు అది 54 లోడ్లు. ఇందులో కొంత గోడల వెనక పూడ్చడానికి పనికొస్తుంది, కానీ అంతవరకు దాన్ని పోసి ఉంచడానికి జాగా ఉండాలి. ఇరుకు స్థలంలో అదీ కుదరదు. మట్టిని బయటకు తోలించి మళ్లీ తెప్పించుకోవాలి. రాయి తగిలితే బ్రేకర్ ఖర్చు తోడవుతుంది. పక్కింటి పునాది మన గొయ్యికంటే పైన ఉంటే గొయ్యి అంచుకు దన్ను కట్టాల్సిందే. ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర నుంచి రెండు టన్నులు తూగుతుంది. పెళ్లలు విరిగిపడితే కింద ఉన్న కూలీలకు తప్పించుకునే వ్యవధి ఉండదు. దన్ను కట్టే ఖర్చును అంచనాలోంచి కొట్టేసి చౌక ధర చూపే గుత్తేదారుకు పని అప్పగించకూడదు.

అసలు లెక్క తేలేది నీటి దగ్గర. సెల్లార్ అడుగుకంటే ఊట నీరు రెండు మీటర్లు ఎత్తున ఉందనుకుందాం. ఆ నీరు అడుగు కాంక్రీటును చదరపు మీటరుకు రెండు టన్నుల బలంతో కిందినుంచి పైకి తోస్తుంది. వంద చదరపు మీటర్లకు 200 టన్నులు. పైన ఇల్లు లేచాక దాని బరువు ఈ తోపును చాలావరకు కాస్తుంది. కట్టుబడి జరుగుతున్నప్పుడే ప్రమాదం. సెల్లార్ పెట్టె పూర్తయి, పైన ఇంకా ఏ బరువూ పడకముందే నీటిని తోడే మోటార్లు ఆపేస్తే కట్టడం మొత్తం పైకి లేవవచ్చు, అడుగు పగలవచ్చు. అంటే నెలల తరబడి రేయింబవళ్లు మోటారు నడవాలి, కరెంటు పోతే నడిపేందుకు జనరేటర్ ఉండాలి. గోడల మీదా ఇదే ఒత్తిడి. పొడి మట్టి తోసే దానికంటే నీటితో నానిన మట్టి ఎంతో ఎక్కువగా తోస్తుంది. మామూలు ఇటుక గోడ అందుకు నిలవదు, ఇనుము దట్టంగా వేసిన కాంక్రీటు గోడే కావాలి. నల్లరేగడి అయితే తడిసినప్పుడు ఉబ్బుతూ, ఎండినప్పుడు కుంచించుకుపోతూ ఏటేటా ఆ గోడను పరీక్షిస్తుంది.

అడుగు కాంక్రీటు ఒకరోజు, గోడ కాంక్రీటు మరోరోజు పోస్తారు. ఆ రెండూ కలిసే అతుకే సెల్లార్‌కు ప్రాణస్థానం. అక్కడ నీటిని ఆపే పట్టీ సరిగా కూర్చోకపోయినా, పాత కాంక్రీటు మీది దుమ్ము కడగకుండా కొత్తది పోసినా, రెండు మూడు వానాకాలాల తర్వాత గోడ మొదలు దగ్గర తెల్లని ఉప్పు పొర కనిపిస్తుంది. ఆ తర్వాత తుప్పు చారలు దిగుతాయి. అప్పుడు లోపలివైపు ఎన్ని పూతలు పూసినా అది తాత్కాలిక ఉపశమనమే, ఎందుకంటే నీరు బయటినుంచి తోస్తోంది. బయటివైపు తవ్వి బాగుచేయాలంటే వాకిలి, ప్రహరీ అన్నీ అడ్డమే. ఇంటి మిగతా భాగాల్లో జరిగే తప్పులను దిద్దుకోవచ్చు. ఈ ఒక్క తప్పును దిద్దడం మొదట సక్రమంగా చేయడానికైన ఖర్చుకంటే భారం కావచ్చు.

ఇల్లు కట్టాక కూడా ఖర్చు ఆగదు. ఊరిన నీరు చేరే సంపు, దాన్ని తోడే మోటారు, దానికి జోడీగా మరో మోటారు, గాలి ఆడేందుకు ఫ్యాన్లు, పగలు కూడా వెలిగే దీపాలు... వీటి కరెంటు, మరమ్మతు ఇల్లు ఉన్నన్నాళ్లూ ఉంటాయి. కొన్ని రకాల నేలల్లోంచి రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు కింది గదుల్లోకి చేరుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దారితీసే ఈ వాయువుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనపు మీటరు గాలికి 100 బెకరెల్‌లను (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) హద్దుగా సూచించింది.

డబ్బుతో తూచలేనిది ప్రాణం. 2021 సెప్టెంబరులో ఇడా తుపాను శేషం కుండపోత కురిపించినప్పుడు న్యూయార్క్ నగరంలో 13 మంది చనిపోతే, వారిలో 11 మంది నేల కింది ఇళ్లలో నీట మునిగినవారే. మరుసటి ఏడాది ఆగస్టులో సియోల్‌లో సగం నేలలో ఉన్న ఇంట్లో ఒకే కుటుంబానికి చెందిన ముగ్గురు బయటపడలేక కన్నుమూశారు. తలుపు వెలుపల అర మీటరు నీరు నిలిస్తే చాలు, దాని మీద వంద కిలోలకు పైగా బరువు ఆనుతుంది. పిల్లలు, ముసలివారు తెరవగలిగే తలుపు కాదది. అందుకే నేల కింద పడకగది వద్దన్నది మా స్థిరమైన అభిప్రాయం. బయటికి రెండో దారి గానీ, మనిషి పట్టేంత కిటికీ గానీ లేనిచోట ఎవరినీ నిద్రపోనివ్వకూడదు.

ఇంత చెప్పినా సెల్లార్లన్నీ దండగ అనడం లేదు. స్థలం చిన్నదై, ఎత్తుపై నిబంధనల పరిమితి ఉన్నచోట కిందికి దిగడం తప్ప మార్గం ఉండకపోవచ్చు. సుడిగాలులు వీచే ప్రాంతంలో అది రక్షణ కవచం. కొన్ని మీటర్ల లోతున నేల ఉష్ణోగ్రత ఏడాది పొడవునా పెద్దగా మారదు కాబట్టి వేసవిలో చల్లగానూ ఉంటుంది. పైగా ఇల్లు లేచిన తర్వాత దాని కింద సెల్లార్ తవ్వడం ఎన్నో రెట్లు ఖర్చుతో, ప్రమాదంతో కూడిన పని. నిర్ణయం మొదటే జరగాలి. అందుకే ఆ నిర్ణయానికి ఆధారాలు ముందే చేతికి రావాలని పట్టుబడుతున్నాం.

ప్లాను గీయించక ముందే మట్టి పరీక్ష చేయించాలి. మొత్తం వ్యయంలో దానికయ్యేది చాలా చిన్న భాగం. బోరు సెల్లార్ అడుగుకంటే బాగా లోతుకు వెళ్లాలి. నడివేసవిలో చూసిన నీటిమట్టాన్ని నమ్మకూడదు. వానాకాలం చివర చుట్టుపక్కల బావుల్లో నీరు ఎంత పైకి వస్తుందో అక్కడి పాతకాపులను అడిగి, ఆ మట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఆ తర్వాత ఇంజినీరు నుంచి రెండు అంచనాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఒకటి సెల్లార్‌తో. మరొకటి అదే విస్తీర్ణాన్ని పై అంతస్తుగానో, పక్క గదులుగానో కడితే ఎంతవుతుందో. మొదటిదానిలో మట్టి తోలకం, దన్ను, నీరు తోడటం, వాటర్‌ప్రూఫింగ్, మోటార్లు విడివిడి పద్దులుగా ఉండాలి. చదరపు అడుగుకు ఇంత అని ఒకే ధర కట్టి ఇచ్చే అంచనాలో ఇవేవీ కనపడవు, గొడవలన్నీ అక్కడే పుడతాయి.

అనుమతులిచ్చే స్థానిక సంస్థలకూ ఇందులో బాధ్యత ఉంది. వానాకాలపు నీటిమట్టం నమోదైన మట్టి నివేదిక, గొయ్యి అంచులకు, పక్క ఇళ్లకు దన్ను కట్టే పథకం జతచేయని ఏ సెల్లార్ ప్లానుకూ ఆమోదముద్ర వేయకూడదు. వేసిన చోట తవ్వకం మొదలైన వారంలోనే అధికారి వెళ్లి గొయ్యిని కళ్లారా చూసి రావాలి.