పీఈ అర క్రెడిట్ గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ పీఈ (హైస్కూలు వ్యాయామ విద్య) అర క్రెడిట్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇవాళ మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి, స్కూలు గుమ్మంలో డ్రైవింగ్ లైసెన్సు స్కాన్ చేయించుకుని, నా ఫోటో అచ్చేసిన స్టిక్కర్ చొక్కాకి అంటించుకుని గంటా నలభై నిమిషాలు కూర్చున్నది తమరి దర్శనం కోసమే.

కౌన్సెలర్ గారు మర్యాదస్తురాలు. కంప్యూటర్ తెర నా వైపు తిప్పి చూపించారు. ఎండార్స్‌మెంట్‌తో, అంటే పిల్ల ఎంచుకున్న ప్రత్యేక రంగంతో, కలిపి హైస్కూలు పాసవడానికి టెక్సస్ అడిగేది 26 క్రెడిట్లు. మా అమ్మాయికి ఉన్నవి 29. గడులన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి. అడుగున ఒక్కటి మాత్రం ఎర్రగా ఉంది. పీఈ: కావలసింది 1, ఉన్నది 0.5. మే నెలలో పిల్ల టోపీ, గౌను వేసుకోవాలంటే తమరి అనుగ్రహం ఉండాల్సిందేనట.

ఒప్పుకుంటాను, తొమ్మిదో క్లాసులో సగం అయ్యాక ‘మిగతాది తర్వాత చూద్దాంలే’ అన్నది నేనే. ఏం చేయమంటారు? మా దగ్గర ర్యాంకు లెక్కలో ఏపీ (కాలేజీ స్థాయి) క్లాసుకి 6.0 పాయింట్లు, మామూలు క్లాసుకి 5.0. ర్యాంకులో మొదటి 10 శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు ఖాయమని 1997లో చట్టం చేశారు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో అది ఇప్పుడు 5 శాతానికి దిగింది. దాంతో ఖాళీ కనిపించిన ప్రతి పీరియడ్‌లోనూ ఒక ఏపీ కుక్కాం. మా అమ్మ ఫోన్లో అడిగితే ‘పదకొండు ఏపీలమ్మా’ అని గొప్పగా చెప్పాను. ‘ఉన్న ఒక్క ఏపీ రెండు ముక్కలైంది చాల్లేదూ, పదకొండు దేనికిరా?’ అంది.

సరే, తప్పు నాదే. కానీ ఒక్క సంగతి అడగనివ్వండి. వ్యాయామం అంటే ఏమిటండీ?

పోయిన జులైలో మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం జరిగింది. రెండున్నర గంటలు. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి స్టేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి జరుగుతుంటే ముందు వరసలో నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆ రాత్రి గజ్జెలు విప్పితే చీలమండల చుట్టూ ఎర్రటి వాతలు. బఠానీల ప్యాకెట్ ఫ్రీజర్లోంచి తీసి కాళ్ల మీద పెట్టాం. పదేళ్లు ఇలాగే. ఇది తమరి లెక్కలో సున్నా.

ఏది లెక్కలోకి వస్తుందో కూడా కౌన్సెలర్ గారు ఓపిగ్గా చెప్పారు. మార్చింగ్ బ్యాండ్ పీఈయే. ఫుట్‌బాల్ ఆట మధ్యలో డ్రమ్ము మోసుకుని నడిస్తే చాలు. చీర్‌లీడింగ్ కూడా పీఈయే. గెంతుతారు కాబట్టి అదీ సబబేలెండి. ఇక ‘అవుట్‌డోర్ పర్స్యూట్స్’ అని ఇంకొకటుంది. అందులో చేపలు పట్టడం నేర్పుతారు. అవునండీ, చేపలే. గాలం వేసి గట్టు మీద కదలకుండా కూర్చుంటే అది వ్యాయామం. కదిలితే చేప పోతుంది కదా!

బయట నేర్చుకున్నదానికీ క్రెడిట్ ఇచ్చే రూలు లేకపోలేదట. వారానికి కనీసం ఐదు గంటలు చేయాలి, సూపరింటెండెంట్ ఆమోదం ఉండాలి, అదీ ముందుగా. చెమట పట్టాక అడిగితే ఆ చెమట చెల్లదు.

తమరి బంధువర్గం, అంటే హైస్కూలు పాసవడానికి పెట్టిన మిగతా షరతుల మీద కూడా రెండు ముక్కలు. సీపీఆర్ నేర్పినందుకు సంతోషం. పోలీసు కారు ఆపితే చేతులెక్కడ పెట్టాలో నేర్పడమూ మంచిదే. కాలేజీ ఖర్చులకి ఫెడరల్ సాయానికి అప్లికేషన్ పెట్టండి, లేదా వద్దని సంతకం చేయండి అన్నారు. హెచ్4 (ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లకి ఆ సాయం రాదు. రానిదాన్ని మాకొద్దని రాసిచ్చి వచ్చాను. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి కౌన్సెలర్లను పంచుతారు కాబట్టి, పాస్‌పోర్టులో పేరూ ఇంటిపేరూ తారుమారైన పుణ్యమా అని రెండేళ్లు మా ఫైలు వేరే ఆవిడ దగ్గర నిద్రపోయింది.

అసలు మంట అక్కడే. ఏటా ‘నాలుగేళ్ల ప్లాన్’ అని ఒక కాగితం ఇంటికొచ్చింది. ఏటా సంతకం పెట్టాను. ఆ ఎర్ర గడి అప్పుడూ ఉంది కదా? ఇంతమంది పెద్దమనుషులున్నారు, ఒక్కరికైనా ఒక మెయిల్ కొట్టడానికి చేతులు రాలేదా? ఆఖరి సెమిస్టర్ మొదలవబోతుంటే పిలిచి, ఏపీ స్టాటిస్టిక్స్ మానేసి దీనికి రమ్మంటారా? పిల్ల డాన్స్ క్లాసు నుంచి తొమ్మిదింటికి వచ్చి ఒంటిగంట దాకా చదివేది. దానికి వ్యాయామం లేదంటారా! సిగ్గుండాలి, నాతో సహా అందరికీ.

ఇంటికొచ్చి భయపడుతూనే చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ‘నిజంగానా? స్టాట్స్ తీసేస్తారా?’ అని సోఫాలో వెనక్కి వాలి నవ్వింది. ఈ పిల్ల ఇలా పగలు నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. కౌన్సెలర్ గారిచ్చిన పీఈ క్లాసుల లిస్టు నా చేతిలోంచి లాక్కుని వేలితో ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

‘నాన్నా, చేపలు.’

‘మనం తినం కదమ్మా.’

‘పట్టి వదిలేస్తారు నాన్నా. ఊరికే కూర్చోవడమే.’

కనుక తమరిని స్వీకరిస్తున్నాం. శనివారం గాలం కొనడానికి వెళ్తున్నాం. ఎంత పొడుగుది కొనాలో తమరి కాగితాల్లో ఎక్కడా రాయలేదు.

ఇట్లు,
29 క్రెడిట్ల అమ్మాయి తండ్రి