డెబ్భై దాటాక షుగర్ మీద పంతం దేనికి?

షుగర్ అనగానే కళ్లు, కిడ్నీలు, కాలి పుండ్లు గుర్తొస్తాయి. మెదడు సంగతి ఎవరికీ తట్టదు. బరువులో ఒంట్లో 2 శాతమే అయినా, ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. దాని ఇంధనం ప్రధానంగా గ్లూకోజే.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో వృద్ధులను గమనించిన పరిశోధకులు, షుగర్ ఉన్నవారికి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ముప్పు దాదాపు రెట్టింపని 1999లో తేల్చారు. 2013లో అమెరికాలోని సియాటెల్ నుంచి ఇంకో మాట వచ్చింది. షుగర్ లేనివారిలోనూ సగటు గ్లూకోజ్ 100 ఉన్నవారికన్నా 115 ఉన్నవారికి ముప్పు 18 శాతం ఎక్కువట. ఇవి సంబంధాన్ని చూపాయే తప్ప కారణాన్ని రుజువు చేయలేదు. అయినా 'బోర్డర్‌లోనే ఉందిలే' అని తీసిపారేసేవారు ఈ అంకె చూడాలి.

ఇన్సులిన్ పాత్ర ఇంకా ఆసక్తికరం. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిపోకాంపస్ అనే భాగంలో దాన్ని అందుకునే రిసెప్టర్లు దండిగా ఉన్నాయి. ఇన్సులిన్‌ను విరగ్గొట్టే ఎంజైమే, డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్‌నూ విరగ్గొడుతుంది. ఒంట్లో ఇన్సులిన్ మరీ ఎక్కువైతే ఆ ఎంజైమ్ దాని పనిలోనే పడి అమిలాయిడ్‌ను వదిలేస్తుందని ఒక వాదన. మరి ఇన్సులిన్‌ను ముక్కు ద్వారా నేరుగా మెదడుకు పంపితే? చిన్న ప్రయోగంలో ఆశ చిగురించింది గానీ, 289 మందితో చేసిన పెద్ద ప్రయోగం 2020లో చప్పబడింది. షుగర్‌కు వాడే సెమాగ్లూటైడ్ మాత్ర కూడా అల్జీమర్స్‌ను నెమ్మదింపజేయలేదని 2025లో తేలింది. ఈ రెండూ జబ్బు లక్షణాలు మొదలయ్యాక ఇచ్చినవే. నడివయసులోనే చక్కెరను అదుపులో పెట్టడం వేరు, మతిమరుపు వచ్చాక మందివ్వడం వేరు అనే నాకనిపిస్తోంది.

మన ఇళ్లలో జరిగేది మాత్రం తలకిందులు. నలభై ఐదేళ్ల కొడుకు టెస్టే చేయించుకోడు, డెబ్భై ఐదేళ్ల అమ్మ చేతిలో లడ్డూ మాత్రం లాక్కుంటాడు! రీడింగ్ ఎంత తగ్గితే అంత మేలనుకోవడం పొరపాటు. కాలిఫోర్నియాలో 16,667 మంది షుగర్ రోగులను పరిశీలిస్తే, షుగర్ బాగా పడిపోయి ఆస్పత్రి పాలైనవారికి డిమెన్షియా ముప్పు పెరిగిందని 2009లో బయటపడింది. అమెరికాలో అకార్డ్ అనే పెద్ద ప్రయోగంలో హెచ్‌బీఏ1సీని (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్తపరీక్ష అంకె) 6 శాతం లోపుకు దించబోతే మరణాలు పెరిగాయి. 2008లో ఆ ప్రయత్నం ఆపేశారు. జ్ఞాపకశక్తి పరీక్షల్లోనూ లాభం కనబడలేదు.

అందుకే పలు జబ్బులున్న పెద్దవారికి 8 శాతం లోపు చాలని అమెరికా డయాబెటిస్ నిపుణుల సూచన. తిండి మానితే షుగర్‌ను బాగా పడగొట్టగల గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని ఏకాదశి ఉపవాసం ఉండే పెద్దావిడ డోసు ఎంతుండాలో డాక్టర్‌ను అడిగారా?