ఎస్పీ నిండేదాకా కూర్చోవాల్సిందే

మొన్న ఆదివారం అక్కావాళ్లింట్లో మా మేనల్లుడు బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. నలుగురి స్క్వాడ్. వీడు దెబ్బ తిని మోకాళ్ల మీద పాకుతుంటే తూటాల మధ్యలోంచి ఒకడు పరిగెత్తుకొచ్చి లేపాడు. ప్రాణం పోశాడన్నమాట. "ఎవర్రా ఆ అబ్బాయి?" అన్నాను. "ఏమో మావయ్యా, ర్యాండమ్" అన్నాడు తల తిప్పకుండా. అంటే ఆటే తెచ్చి జత చేసిన ముక్కూమొహం తెలియనివాడు. కాసేపటికి ఆట అయిపోయింది. ఆ ర్యాండమ్ ఎటు పోయాడో వీడికి అక్కర్లేదు, వీడెటు పోయాడో వాడికీ అక్కర్లేదు.

అప్పట్నుంచీ లోపల ఏదో కెలుకుతోంది. అందుకే ఈ సోది. ఓపిక లేనివాళ్లు స్క్రోల్ చేసేయండి, ఏమీ అనుకోను.

నేను ఆడింది రాగ్నరాక్ ఆన్‌లైన్. 2002లో కొరియాలో మొదలైన ఆట, నెట్‌లో బోలెడుమంది ఒకే లోకంలో తిరుగుతూ ఆడేది. మన దేశానికి విడిగా ఒక సర్వర్ ఉండేది, ప్రీపెయిడ్ కార్డులు నెట్ సెంటర్లలో దొరికేవి. గుంటూరు బ్రాడీపేటలో మేం వెళ్లే నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలు. ప్లైవుడ్ గదులు, అరిగిపోయిన కీబోర్డులు, గోడ మీద "బూతు సైట్లు చూడరాదు" అని బోర్డు. తర్వాత మా ఫ్రెండు ఇంట్లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ పెట్టించారు. దాంట్లో రాత్రి రెండు నుంచి ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలోకి రాదు. రెండింటికి అలారం పెట్టుకుని లేచి ఆడి, ఎనిమిదింటికి నిద్రకళ్లతో కాలేజీ బస్సెక్కిన బ్యాచ్ మాది.

నాది మేజ్, మంత్రగాడి వేషం. అంటే పిడుగులు కురిపిస్తాడు గానీ ఒంట్లో సత్తువ ఉండదు. మంత్రం చదువుతుండగా ఓ చిన్న పురుగు కుట్టినా మంత్రం ఆగిపోతుంది. కాబట్టి నా ముందు ఒక స్వోర్డ్స్‌మన్ నిలబడి దెబ్బలు కాయాలి. వాడు పోకుండా వెనకనుంచి ఒక అకోలైట్ గాయాలు మాన్పే హీల్ మంత్రం వేస్తుండాలి. మంత్రశక్తి, అదే ఎస్పీ, ఇట్టే అయిపోతుంది. నిలబడి ఉంటే ఎనిమిది సెకన్లకోసారి కాస్త నిండుతుంది, కూర్చుంటే నాలుగు సెకన్లకోసారి. అందుకని పది నిమిషాలు కొట్టుకోవడం, ఐదు నిమిషాలు ముగ్గురం కింద చతికిలబడి కూర్చోవడం.

ఆట మొత్తం ఆ ఐదు నిమిషాల్లోనే ఉంది, అప్పుడు తెలియలేదంతే.

కూర్చున్నప్పుడు చేసేదేముంది, కబుర్లే. ఒకసారి ఎవడో ఇంగ్లీషు అక్షరాల్లో "కరెంటు పోయేలా ఉంది, ఇన్వర్టర్ కూత పెడుతోంది" అని తెలుగులో టైపు చేశాడు. స్క్రీన్ మీద ఆ ముక్క చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పరాయి ఊళ్లో బస్టాండులో తెలుగు వినబడితే ఎలా ఉంటుందో అలా. విశాఖ కుర్రాడు. వాడే తర్వాత ఏడాదిపాటు నాకు ముందు నిలబడి దెబ్బలు కాసిన స్వోర్డ్స్‌మన్. మా ఇద్దరికీ హీల్ వేసే అకోలైట్ పుణె అమ్మాయి.

ఇప్పుడు నా నిర్వాకం చెబుతాను. ఇజ్లూడ్ రేవులో పడవెక్కి వెళితే బయలాన్ అనే దీవి, దాని కింద సముద్రపు గుహ. నీటి జీవాలకి పిడుగంటే అస్సలు గిట్టదు కాబట్టి మేజ్‌లకి అది పెళ్లి భోజనం. అక్కడ హైడ్రా అని కదలకుండా ఉన్నచోటే ఉండి కొట్టే జీవి ఒకటుంది. దాని కార్డు ఆయుధానికి తొడిగితే మనుషుల మీద దెబ్బ ఇరవై శాతం పెరుగుతుంది. కోటల యుద్ధాలు చేసే గిల్డులు, అంటే ఆటగాళ్ల జట్లు, దానికోసం పడి చచ్చేవి. పది వేల హైడ్రాలు చంపితే ఒక కార్డు పడాలి, లెక్క ప్రకారం. మాకు ఒక తెల్లవారుజామున పడింది. తీసింది నేను. "అమ్మి మూడు వాటాలు వేద్దాం" అన్నారు వాళ్లిద్దరూ. సరే అన్నాను. అని, బటర్‌ఫ్లై వింగ్ నలిపి ఊళ్లోకి మాయమై, లాగౌట్ అయిపోయాను.

మర్నాడు రాత్రి వచ్చేసరికి సర్వరంతా పాకిపోయింది. సర్వరంటే ఊరు లాంటిదే కదా, అందరికీ అందరూ తెలుసు. పేరు మార్చుకునే వీల్లేదు. కొత్త కారెక్టర్ మొదలెట్టాలంటే నెలల కష్టం గంగలో. ప్రొంటెరా అనే పట్నం నడివీధిలో దుకాణాలు పరుచుకుని కూర్చునే మర్చంట్లు సంతలో బేరగాళ్లలాగే అన్నీ తెలిసినవాళ్లు, నన్ను చూసి కోపం బొమ్మ పెట్టేవాళ్లు. దారిన పోయేవాళ్లకల్లా బ్లెస్సింగ్ అనే దీవెన మంత్రం వేసే ప్రీస్టులు నా దగ్గరకొచ్చేసరికి నడిచి వెళ్లిపోయేవాళ్లు. ఒంటరి మేజ్ బతుకు ఎంత దరిద్రమో అప్పుడు తెలిసింది. పదకొండు రోజులు భరించి, కార్డు అమ్మి, వాళ్లిద్దరి వాటాలూ చేతిలో పెట్టాను. విశాఖవాడు "సచ్చినోడా" అని నవ్వేశాడు. పుణె అమ్మాయి డబ్బు తీసుకుంది, మాట్లాడలేదు. నా మీద మళ్లీ బ్లెస్సింగ్ పడటానికి ఇంకో వారం పట్టింది.

దీని గురించే నా గోల. అవసరం ఉంది కాబట్టి మర్యాద ఉంది. నువ్వు లేకపోతే నాకు గడవదు, రేపు మళ్లీ నీ మొహమే చూడాలి. ఈ రెండూ కలిస్తేనే స్నేహమో, కనీసం సిగ్గో పుడుతుంది.

నా ఫ్రెండ్ ఒకడు అంటాడు: "నువ్వు వెతుకుతోంది గేమ్ కాదురా, నీ ఇరవై ఏళ్ల వయసు." వినడానికి బాగుంటుంది గానీ నేనొప్పుకోను. ఎందుకంటే మార్పు నా కళ్ల ముందే జరిగింది. తర్వాత ఉద్యోగం వచ్చాక వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో పడ్డాను. మొదట్లో దాంట్లోనూ గుహలోకి వెళ్లాలంటే ఊళ్లో కేకేసి ఐదుగుర్ని పోగేసి, గుహ గుమ్మం దాకా నడవాలి. ఇద్దరు ముందు చేరితే మిగతావాళ్లని అక్కడుండే మంత్రపు రాయి దగ్గర నిలబడి రప్పించొచ్చు. 2009 డిసెంబర్‌లో డంజన్ ఫైండర్ వచ్చింది. బటన్ నొక్కితే వేరే వేరే సర్వర్ల నుంచి ఐదుగుర్ని ఏరి గుహలో దింపేస్తుంది. మొదటి వారం పండగ చేసుకున్నాను, అబద్ధం ఎందుకు. నెలయ్యేసరికి గమనించాను, "హాయ్" అనే మాట కూడా టైపు చేయడం మానేశాను. నా వయసు ఆ నెలలో ఏం మారిపోలేదు.

అలాగని అంతా కంపెనీల పాపమే అనను. 2019 ఆగస్టులో పాత వార్‌క్రాఫ్ట్‌ని క్లాసిక్ అని మళ్లీ తెరిచారు. గంటలకొద్దీ క్యూలో నిలబడి వెళ్లాం. రెండు నెలలు స్వర్గం. ఆ తర్వాత మనవాళ్లే లెక్కలు తీశారు. ఏ బఫ్ (బలం పెంచే మంత్రం) ఎన్ని శాతం, ఏ గేర్ (ఆయుధం, కవచం) లేనివాడిని తీసుకోకూడదు... ఊళ్లో దొరికే బఫ్‌లు వేయించుకుని, అవి పోతాయేమోనన్న భయంతో రెయిడ్, అదే పెద్ద గుంపుగా చేసే దాడి, రోజుదాకా లాగిన్ కాకుండా కూర్చునే స్థాయికి వెళ్లారు. ఆడటం కోసం ఆడకుండా ఉండటం! అదే క్లాసిక్‌లో 2022లో లిచ్ కింగ్ అనే భాగం తెరిచినప్పుడు డంజన్ ఫైండర్ పెట్టేది లేదని కంపెనీవాళ్లు భీష్మించుకున్నారు, తర్వాత పెట్టక తప్పలేదు. అడిగింది మనమే.

పాతదంతా బంగారమని కూడా కాదు. రాగ్నరాక్‌లో చస్తే లెవెల్ పెరగడానికి కూడబెట్టిన ఎక్స్‌పీరియన్స్‌లో ఒక శాతం పోయేది. తొంభయ్యో లెవెల్ దాటాక ఆ ఒక్క శాతం అంటే రెండు మూడు రాత్రులు. కరెంటు పోతే గుహలో బొమ్మలా నిలబడిపోయి చచ్చేవాళ్లం. పైగా అమ్మాయి అని తెలిస్తే చాలు, వెంటపడి విసిగించే మహానుభావులకి కొదవ లేదు. పుణె అమ్మాయి చివర్లో మగ కారెక్టర్‌తో ఆడింది అందుకే. ఈ సంగతి తలుచుకుంటే "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చేవాళ్ల మీద కోపమొస్తుంది, నా మీదే ముందు.

మన ఇండియా సర్వర్ ఎప్పుడో మూతపడింది. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక ఎవరో నడుపుకుంటున్న ఓ ప్రైవేటు సర్వర్లో చేరాను. ఈసారి అకోలైట్‌ని. ఊరి బయట పోరింగులనే గులాబీ రంగు జెల్లీ ముద్దల్ని కత్తితో పొడుస్తూ ఒక నోవిస్, అంటే ఆటలో కొత్తవాడు, కనబడ్డాడు. బ్లెస్సింగ్ వేశాను. హీల్ వేశాను. "తెలుగా?" అని టైపు చేశాను. సమాధానం లేదు. సూటిగా ఇంకో పోరింగ్ దగ్గరికి నడిచాడు, అక్కణ్నుంచి ఇంకోదాని దగ్గరికి, ఒకే తీరుగా, ఒకే లెక్కతో. బాట్. మనిషి బదులు ఆడే ప్రోగ్రాం. ఎవడో ఆన్ చేసి పడుకున్నాడు.

బ్లెస్సింగ్ అయిపోగానే ఇంకోసారి వేశాను. ఎస్పీ అయిపోయింది. కూర్చున్నాను.