ఒకే పాట, ఒకే గొంతు, రెండు ర్యాంకులు

అమ్మకాలు, రేడియో ప్రసారాలు లెక్కగట్టి అమెరికాలో పాటలకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాను 1990 చివర్లో చూసినవాళ్లకు ఒక వింత కనిపించేది. ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’ అనే ప్రేమ పాట అందులో రెండు చోట్ల ఉంది. రెండింటి పక్కనా ఒకటే పేరు, రైటియస్ బ్రదర్స్ అనే ఇద్దరు గాయకుల జంటది. అచ్చుతప్పేమీ కాదు. ఒకటి 1965 నాటి రికార్డింగ్, 13వ స్థానం దాకా ఎక్కింది. రెండోది అదే గాయకుడు బాబీ హాట్‌ఫీల్డ్ పాతికేళ్ల తర్వాత మళ్లీ పాడింది, 19 దగ్గర ఆగింది. ఒకే బృందం పాడిన ఒకే పాట, రెండు రికార్డింగులుగా ఒకేసారి టాప్ 20లో నిలవడం అంతకుముందెప్పుడూ జరగలేదు.

ఈ పాట గురించి రాసేవాళ్లలో చాలామంది ‘ఘోస్ట్’ సినిమాలో ఈ పాట వినిపించే కుమ్మరి చక్రం సీన్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అసలు కథ ఆ రెండు ర్యాంకుల్లో ఉంది. పాట అంటే ఏది? కాగితం మీద రాసుకున్న బాణీ, మాటలా? టేపు మీద పడ్డ ఒకానొక గొంతా? 1955లో మార్కెట్ దీనికి ఒక జవాబు చెప్పింది, 1965 వచ్చేసరికి ఇంకొకటి చెప్పింది. 1990లో ఆ రెండు జవాబులూ ఒకదాన్నొకటి ఢీకొన్నాయి.

పుట్టింది జైలు సినిమాలో. 1955లో వార్నర్ బ్రదర్స్ విడుదల చేసిన ‘అన్‌చెయిన్డ్’ కాలిఫోర్నియాలోని చీనో జైలు నేపథ్యంగా తీసింది. బాణీ అలెక్స్ నార్త్‌ది, మాటలు హై జారెట్‌వి. తెర మీద ఒక ఖైదీ పాత్రలో దీన్ని పాడినవాడు టాడ్ డంకన్. 1935లో గెర్ష్విన్ ఒపేరా ‘పోర్గీ అండ్ బెస్’ మొదటి ప్రదర్శనల్లో పోర్గీ వేషం కట్టింది ఈయనే. సినిమా పేరు పాటలో ఇరికించమంటే జారెట్ ఒప్పుకోలేదు. అందుకే ఎక్కడ వెతికినా ‘అన్‌చెయిన్డ్’ అన్న మాట పల్లవిలోనూ దొరకదు, చరణంలోనూ దొరకదు.

ఆ మాట లేకపోయినా జైలు మాత్రం పాట నిండా ఉంది. స్పర్శ కోసం ఆకలిగొన్న దీర్ఘమైన ఏకాంతం, నత్తనడక నడిచే కాలం, ‘నువ్వింకా నా దానివేనా’ అన్న భయం, ‘ఇంటికొస్తున్నా, ఎదురుచూడు’ అన్న వేడుకోలు. ఇవన్నీ శిక్ష పడ్డవాడి మాటలు. సినిమా జనం మరిచిపోయారు. గోడలు మాయమయ్యాయి, విరహం ఒక్కటే మిగిలింది. ఈ పాట ఎవరి నోటికైనా ఇట్టే అతకడానికి కారణం ఇదేననిపిస్తుంది. ఎందుకు దూరమయ్యారో పాట చెప్పదు, విన్నవాళ్లే నింపుకోవాలి.

విడుదలైన ఏడాదే ఎంతమంది పాడారో చూడండి. లెస్ బాక్స్టర్ ఆర్కెస్ట్రా, కోరస్‌తో చేసింది అమెరికాలో నంబర్ వన్. డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో పాడి వచ్చిన అంధ గాయకుడు ఆల్ హిబ్లర్‌ది 3వ స్థానం. రాయ్ హామిల్టన్‌ది 6. బ్రిటన్‌లో ఇంకా విచిత్రం: ఆ ఏడాది ఒక దశలో నాలుగు వెర్షన్లు ఒకేసారి టాప్ 20లో ఉన్నాయి. జిమ్మీ యంగ్ నంబర్ వన్ దాకా వెళ్తే, హిబ్లర్, బాక్స్టర్, పియానో వాయించే లిబరాచీ వెనకాల నిలబడ్డారు.

ఇప్పటి చెవికి ఇది కాపీల పోటీలా తోస్తుంది. అప్పటి వ్యాపారం దృష్టిలో ఇదే సహజం. అమెరికా 1909 కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పాట ఒకసారి రికార్డుగా బయటికొస్తే, దాన్ని మళ్లీ ఎవరైనా రికార్డు చేసుకోవచ్చు. రచయిత అనుమతి అక్కర్లేదు. కాపీకి 2 సెంట్ల చొప్పున చెల్లిస్తే చాలు. ఆ 2 సెంట్లు 1978లో 2.75 అయ్యేదాకా దాదాపు డెబ్బై ఏళ్లు కదల్లేదు. కాబట్టి పాట హక్కులున్న పబ్లిషర్‌కు ఎవరి రికార్డు అమ్ముడైనా ఒకటే. ఎంతమంది పాడితే అంత లాభం. కొన్ని జాబితాలూ ఆ లెక్కలోనే ఉండేవి: బిల్‌బోర్డ్ ‘ఆనర్ రోల్ ఆఫ్ హిట్స్’ పేరిట గాయకుడిని పక్కనపెట్టి అన్ని వెర్షన్లనూ కలిపి పాటకు ర్యాంకు ఇచ్చేది. రికార్డు రికార్డుకూ విడివిడిగా స్థానం ఇచ్చే జాబితాలు అప్పటికే ఉన్నా, హాట్ 100 వచ్చింది మాత్రం 1958 ఆగస్టులో. ఆస్కార్ కూడా పాటకే. ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’ నామినేట్ అయింది, ‘లవ్ ఈజ్ ఎ మెనీ స్ప్లెండర్డ్ థింగ్’ చేతిలో ఓడిపోయింది. నార్త్ మొత్తం 15 సార్లు నామినేట్ అయి ఒక్కసారీ గెలవలేదు. 1986లో గౌరవ ఆస్కార్ ఇచ్చి అకాడమీ ఆ బాకీ తీర్చుకుంది.

1965 జూలైలో రైటియస్ బ్రదర్స్ కొత్త సింగిల్, అంటే రెండువైపులా ఒక్కో పాట ఉండే ప్లేటు, వచ్చింది. ఎ-సైడ్ ‘హంగ్ ఆన్ యూ’. ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ కష్టపడి తయారుచేసుకున్న పాట. వెనకవైపు పూరకంగా వేసిన పాత పాట ఈ ‘అన్‌చెయిన్డ్ మెలొడీ’. డిస్క్ జాకీలు ప్లేటు తిరగేశారు. ఎ-సైడ్ 47 దగ్గర చతికిలబడింది, బి-సైడ్ 4 దాకా వెళ్లింది. ‘బ్రదర్స్’ అని పేరు ఉన్నా ఇందులో పాడింది హాట్‌ఫీల్డ్ ఒక్కడే. జంటలో రెండోవాడు బిల్ మెడ్లీ గొంతు లేదు. సింగిల్స్ స్పెక్టర్ చూసుకోవడం, ఆల్బమ్‌లోని మిగతా పాటలు మెడ్లీ చేసుకోవడం అన్నది వాళ్ల ఏర్పాటు. ఆ లెక్కన దీన్ని చేసింది తానేనని మెడ్లీ తర్వాతి రోజుల్లో చెబుతూ వచ్చాడు. ప్రొడ్యూసర్ పేరు మాత్రం చాలా ముద్రణల్లో స్పెక్టర్‌దే. హిట్టయిన తర్వాత వెంటనే అదే బాటలో ‘ఎబ్ టైడ్’ అనే మరో పాత పాట తీయడం చూస్తే, స్పెక్టర్‌కు గాలి ఎటు వీస్తోందో అర్థమైనట్టే ఉంది. ‘ఎబ్ టైడ్’ కూడా 1954లో రాయ్ హామిల్టన్ పాడిందే. ఈ వరుసలో హామిల్టన్ ప్రభావం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 1955 నాటి అతని రికార్డు ఒకసారి విని ఆ వెంటనే హాట్‌ఫీల్డ్‌ను వినండి, దారి ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది.

హాట్‌ఫీల్డ్ ఏం చేశాడో కాస్త దగ్గరగా చూద్దాం. నడక 12/8. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు దెబ్బలు, దెబ్బకు మూడేసి చొప్పున తిశ్ర నడక. ఆ మూడేసి స్వరాలు వెనక ఆగకుండా చిందుతుంటే గొంతు వాటి మీద తాపీగా సాగుతుంది. దీన్ని సాదా నాలుగు దెబ్బలకు మార్చి పాడితే ఏదో స్కూల్ ప్రార్థనలా చప్పబడిపోతుంది. ఈ పాటను మళ్లీ పాడి కవర్లు చేసేవాళ్లు ముందుగా తప్పేది ఇక్కడే. శ్రుతి సి మేజర్ అనుకుంటే పల్లవి కార్డులు (కలిపి మోగించే స్వరాల గుచ్ఛాలు) సి, ఎ మైనర్, ఎఫ్, జి. యాభైల నాటి ప్రేమ పాటల్లో సగం వీటి మీదే నడిచాయి, ఇందులో కొత్తేమీ లేదు. కొత్తదనం నదులు సముద్రానికి చేరే మధ్య భాగంలో ఉంది. అక్కడ ఎఫ్, జి, మళ్లీ ఎఫ్, ఆ తర్వాత ఇ ఫ్లాట్. ఇ ఫ్లాట్ సి మేజర్ స్కేల్‌కు బయటిది. అప్పటిదాకా తెలిసిన ఇంట్లో తిరుగుతున్నవాడు ఒక్క క్షణం పరాయి గుమ్మంలో నిలబడినట్టు ఉంటుంది. గిటార్ నేర్చుకునేవాళ్లు అలవాటు కొద్దీ అక్కడ ఇ మైనర్ పట్టేస్తే నది పారడం ఆగిపోతుంది.

రెండో సంగతి, కోత. 1955 నాటి పూర్తి పాఠంలో నదుల చరణంతోపాటు, తెల్లవారడం కోసం నక్షత్రాల వంక చూస్తూ ఉండే ఒంటరి పర్వతాల చరణం కూడా ఉంది. హాట్‌ఫీల్డ్ దాన్ని వదిలేశాడు. పల్లవి, నదులు, మళ్లీ పల్లవి, అంతే. చరణం పోయినందుకు పాటకు నష్టమేమీ జరగలేదు. పైగా మెట్లు తక్కువై, ఎక్కుడు నిట్టనిలువుగా మారింది. మొదటిసారి ‘నీ ప్రేమ కావాలి’ అన్న చోట బాణీ ఎలా ఉందో అలాగే పాడతాడు. రెండోసారి అదే చోట నార్త్ రాయని తారస్థాయికి, దొంగ గొంతులోకి (ఫాల్సెట్టో) ఎగురుతాడు. ఈ రోజు ఆ పాట అనగానే జనం చెవిలో మోగేది ఆ ఒక్క ఎగురుడే.

వేదిక మీద ఈ పాట చెడిపోయేదీ అక్కడే. మొదటి వాక్యం మంద్రంలో మొదలవుతుంది కాబట్టి తేలిగ్గా ఉందని శ్రుతి పైకి జరుపుతారు. మూడు నిమిషాల తర్వాత గొంతు పీలికలవుతుంది. చేయాల్సింది తలకిందులుగా: ముందు చివరి ఎగురుడు మీ గొంతులో ఎక్కడ శుభ్రంగా పలుకుతుందో చూసుకోండి, అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకుని శ్రుతి పెట్టుకోండి. మొదటి పల్లవి గుసగుసకు ఒక మెట్టు పైన ఉంటే చాలు. అక్కడే బిగ్గరగా అరిచేస్తే చివర్లో చూపించడానికి ఏమీ మిగలదు.

హాట్‌ఫీల్డ్ తర్వాత వచ్చినవాళ్లలో నిజంగా వేరే దారి తొక్కినవాడు ఎల్విస్ ప్రెస్లీ. 1977 ఏప్రిల్ 24న యాన్ ఆర్బర్ కచేరీలో పాడినదానికి స్టూడియోలో హంగులు జోడించి ఆ ఏడాది జూలైలో వచ్చిన ‘మూడీ బ్లూ’ ఆల్బమ్‌లో పెట్టారు. దానికన్నా జూన్ 21న రాపిడ్ సిటీలో చిత్రీకరించింది చూడాలి. పియానో తానే వాయిస్తున్నాడు, అతని బృందంలోని చార్లీ హాడ్జ్ పక్కన నిలబడి మైకు పట్టుకున్నాడు. చెమటలు కారుతున్న ముఖం, మధ్యలో తెగే ఊపిరి. లెక్కగా మార్కులు వేస్తే చాలా తప్పులు దొరుకుతాయి. కానీ ‘కాలం నెమ్మదిగా కదులుతోంది’ అన్న మాట డంకన్ తర్వాత మళ్లీ ఒక బందీ నోట విన్నట్టనిపించేది ఇందులోనే. సరిగ్గా ఎనిమిది వారాలకు, ఆగస్టు 16న ఆయన చనిపోయాడు.

ఇప్పుడు 1990కి వద్దాం. జూలైలో ‘ఘోస్ట్’ వచ్చింది. రేడియోలు 1965 రికార్డింగ్‌ను మోత మోగించాయి. అక్కడే తిరకాసు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే డబ్బు బాణీ, మాటలు రాసినవాళ్లకు, పబ్లిషర్‌కు వెళ్తుంది. పాడినవాడికి పైసా రాదు. ఇప్పటికీ అంతే. అంటే ఆ వేసవిలో పాట మోగిన ప్రతిసారీ నార్త్, జారెట్‌ల ఖాతా కదిలింది, హాట్‌ఫీల్డ్‌ది కదల్లేదు. పాట కాగితానికి ఫెడరల్ కాపీరైట్ ఉంది. 1972 ఫిబ్రవరి 15కు ముందు చేసిన రికార్డింగులకు మాత్రం ఆ రక్షణే లేదు, రాష్ట్రాల చట్టాలే దిక్కు. ఆ లోటును కొంతవరకైనా పూడ్చింది 2018 నాటి మ్యూజిక్ మోడర్నైజేషన్ చట్టం.

పాత టేపు పాలీగ్రామ్ అనే రికార్డు కంపెనీ చేతిలో ఉంది. రైటియస్ బ్రదర్స్ కర్బ్ అనే మరో రికార్డు సంస్థకు మళ్లీ పాడి క్యాసెట్ సింగిల్‌గా వదిలారు. పాత రికార్డింగ్ సింగిల్‌గా వచ్చింది వినైల్ (ప్లేటు) మీద. అప్పటికి జనం కొనేది క్యాసెట్. దుకాణంలో సింగిల్‌గా దొరకని పాటకు హాట్ 100లో చోటు లేదన్న నిబంధన 1998 దాకా ఉంది కాబట్టి, ఆ వినైల్ లేకపోతే పాత రికార్డింగ్ జాబితాకే ఎక్కేది కాదు. చివరికి రేడియో ఓట్లు పాతదానికి, దుకాణం ఓట్లు కొత్తదానికి చీలిపోయాయి. 13, 19 అలా వచ్చిన అంకెలు. అవి కలిసి ఒక్కదానికే పడి ఉంటే ఎంత పైకి వెళ్లేదో ఊహించడం కష్టం కాదు. బ్రిటన్‌లో ఓట్లు అలా చీలలేదు. 1965 రికార్డింగ్ నాలుగు వారాలు నంబర్ వన్‌గా ఉండి, ఆ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ అయింది.

బ్రిటన్‌లో తర్వాత ఇంకో రెండుసార్లు నంబర్ వన్ అయింది. 1995లో ఐటీవీ సీరియల్ ‘సోల్జర్ సోల్జర్’ నటులు రాబ్సన్ గ్రీన్, జెరోమ్ ఫ్లిన్ తెర మీద పాడితే, రికార్డు కంపెనీ మనిషి సైమన్ కోవెల్ వాళ్లను ఒప్పించి రికార్డు చేయించాడు. ఏడు వారాలు దిగలేదు. 2002లో టీవీ పాటల పోటీ ‘పాప్ ఐడల్’లో రెండో స్థానంలో నిలిచిన 17 ఏళ్ల గారెత్ గేట్స్ మళ్లీ నాలుగు వారాలు. వెనక మళ్లీ కోవెల్. రెండూ వినండి: వాళ్లు పాడుతున్నది నార్త్ పాటను కాదు, హాట్‌ఫీల్డ్ రికార్డును. అదే కోత, అదే చిందులు, అదే చోట ఎగురుడు. 1955లో నాలుగు వెర్షన్లు విన్నవాడికి నాలుగు వేర్వేరు పాటలు దొరికాయి. 1990 తర్వాత వచ్చినవాటిలో చాలావరకు ఒకే ఫొటోకు తీసిన జిరాక్సులు. అయినా చెల్లింపు మాత్రం ఇంకా కాగితానికే: ఆ పాత 2 సెంట్లు అమెరికాలో 2006 నుంచి 9.1, 2023లో 12 సెంట్లు. అందులో హాట్‌ఫీల్డ్ కనిపెట్టిన ఎగురుడికి వాటా లేదు. నార్త్ 1991లో, హాట్‌ఫీల్డ్ 2003లో పోయారు. జారెట్ 2007లో, 99వ ఏట కన్నుమూశాడు.

స్ట్రీమింగ్ యాప్‌లో రైటియస్ బ్రదర్స్ పేరుతో వెతికితే పాతదీ కొత్తదీ పక్కపక్కనే వస్తాయి, చాలాసార్లు ఒకే ముఖచిత్రంతో. కింద హక్కుల వరుసలో కర్బ్ అని ఉంటే అది దాదాపుగా 1990దే. చెవితోనూ పట్టేయొచ్చు. కొత్తదాంట్లో వాద్యాలు ఒక్కొక్కటీ కడిగి ఆరేసినట్టు విడివిడిగా వినిపిస్తాయి, గొంతు అడుగున బరువెక్కి ఉంటుంది. పాతదాంట్లో పియానో, తీగలు, ప్రతిధ్వని అన్నీ ఒకే ముద్ద. ఆ ముద్దలోంచి పాతికేళ్లైనా నిండని కుర్రాడి గొంతు పైకి లేస్తుంది.