సూర్యలంకకి బయల్దేరే హైదరాబాదీలకు, తాబేలు పిల్లల సంగతి

మార్చి వచ్చిందంటే చాలు, మన సిటీ గ్రూపుల్లో అదే ఫొటో. సూర్యలంకలోనో వైజాగ్ ఆర్కే బీచ్‌లోనో అరచేతిలో బుల్లి ఆలివ్ రిడ్లే తాబేలు పిల్ల, వెనకాల సూర్యోదయం, కింద "ఒక ప్రాణం కాపాడాం" అని క్యాప్షన్. ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ పిల్ల ఆడదా మగదా అన్నది మీరు కారెక్కడానికి మూడు నాలుగు వారాల ముందే, మూరెడు లోతు ఇసుకలో తేలిపోయింది. తేల్చింది ఇసుక వేడి.

సముద్రపు తాబేలు గుడ్డు పెట్టేనాటికి అందులో ఆడా మగా తేలి ఉండదు. పొదిగే కాలం సుమారు 45 నుంచి 60 రోజులు. అందులో మధ్య మూడో వంతులో గూటి వేడి 29, 30 డిగ్రీల దగ్గరుంటే ఆడా మగా కలిసి వస్తాయి. తగ్గేకొద్దీ మగవి, అంతకంటే పైకి పోయేకొద్దీ అన్నీ ఆడవే. 34, 35 దగ్గర రోజుల తరబడి ఉంటే గుడ్డులోనే ఉడికిపోతాయి. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్ల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో పిల్ల తాబేళ్లు 99 శాతం ఆడవేనని తేలింది. మన రిడ్లేలు పెద్దవై గుడ్లు పెట్టడానికి పదేళ్లకు పైనే పడుతుంది కాబట్టి, ఇవాళ చేసిన తప్పు ఇప్పట్లో కంటికి కనబడదు. అందుకే ఎవరికీ తొందర లేదు.

మన తీరంలో జనవరిలో పెట్టిన గూళ్లు కాస్త చల్లగా ఉంటాయి, మార్చివి మాడిపోతాయి. అయినా చాలా హేచరీలు, అంటే గుడ్లు ఏరి తెచ్చి పొదిగించే చోట్లు, రెండింటినీ ఒకే తీరుగా, నడినెత్తిన ఎండలో, వల కంచె మధ్య పాతిపెడతాయి. కూరగాయల నర్సరీల్లో వాడే 50 శాతం షేడ్‌నెట్ మనిషెత్తున కట్టండి, ఫిబ్రవరి మధ్య నుంచే. ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా ఆ తేడా చాలు. అలాగని హేచరీ మొత్తం కప్పేస్తే అన్నీ మగవై కూర్చుంటాయి. సగం కప్పి, గూటి మధ్యలో థర్మామీటర్ పెట్టి, రోజూ ఒకే వేళకి అంకె రాసుకోవాలి. గూటి పక్క ఇసుకలో కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే వందకు పైగా గుడ్లు పెరుగుతూ తమ వేడి తాము పుట్టిస్తాయి. చల్లబరుద్దామని బక్కెట్లతో నీళ్లు గుమ్మరించడం ఇంకో పిచ్చిపని. గుడ్డు పెంకులోంచే గాలి పీలుస్తుంది, ఇసుక తడిసి ముద్దయితే ఊపిరాడదు.

గుడ్లు తరలించడంలో జరిగే పొరపాట్లు మరీ ఘోరం. పెట్టిన రెండు గంటల్లో తీస్తే మంచిది, ఆరు దాటితే చెయ్యి పెట్టొద్దు. ఆ తర్వాత పిండం పెంకు లోపలి పొరకి అతుక్కుంటుంది, గుడ్డు కాస్త దొర్లినా తెగిపోతుంది. పొద్దున ఎనిమిదింటికి జాడ చూసి తవ్వి, సంచిలో వేసుకుని స్కూటర్ మీద తెచ్చేవాళ్లున్నారు. పాపం, మంచి మనసే. కొత్త గుంత కుండలా ఉండాలి, మెడ సన్నగా, అడుగు వెడల్పుగా, 45 సెంటీమీటర్ల లోతు, గూటికీ గూటికీ మీటరు దూరం. నిరుడు వాడిన చోటే మళ్లీ వాడితే పాత పెంకుల కుళ్లూ బూజూ కొత్త గుడ్లకి పడతాయి. అసలు పోటు గీతకి పైన, కుక్కల బెడద లేనిచోట ఉన్న గూటిని కదపకుండా వదిలేయడమే మేలు.

పిల్లలు పైకొచ్చాక పెద్దమనుషుల రాక కోసం వాటిని టబ్బులో గంటలకొద్దీ ఉంచుతారు చూడండి, అక్కడే కోపమొస్తుంది. లోతు నీటికి ఈదడానికి పుట్టుకతో తెచ్చుకున్న సత్తువంతా ఆ ప్లాస్టిక్ గోడల మీద గీరుకుంటూ ఖర్చయిపోతుంది. చీకట్లోనే, ఫ్లాష్ లేకుండా, నీటికి పది మీటర్ల ఇవతల ఇసుకలో వదిలి నడవనివ్వాలి. రోజూ ఒకేచోట వదిలితే చేపలు ఆ చోటు మరిగి కాచుకుని ఉంటాయి.

ఇదంతా హేచరీ సంగతి. బీచే లేకపోతే హేచరీ ఎక్కడ? తుపాను అడ్డుకట్ట పేరుతో పోటు గీత దాకా సరుగుడు నాటేశారు. ఊళ్లకి ఆ చెట్లు కావాలి, నిజమే. కానీ కనీసం 50 మీటర్లు వెనక్కి జరపాలి. వేళ్లల్లుకున్న ఇసుకని తల్లి తాబేలు తవ్వలేదు. ముందు వరసలో బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు లాంటివి వాటంతటవే పెరుగుతాయి, ఇసుకని పట్టి ఉంచుతాయి, వాటిని పీకేయకుంటే చాలు. రాళ్ల గోడలది ఇంకో కథ. సముద్రం పెరిగితే బీచ్ వెనక్కి జరగాలి, గోడ జరగనివ్వదు. తల్లి రాయికి తగిలి వెనక్కి పోతుంది, లేదా గోడ మొదట్లోనే పెట్టేస్తుంది, తర్వాతి పోటుకి అంతే సంగతులు.

"మనకి సముద్రమెక్కడుంది బాస్" అనకండి. తీరానికి చేరాల్సిన కృష్ణా ఇసుక ఆగిపోయేది మన కుళాయికి నీళ్లిచ్చే సాగర్ లాంటి డ్యాముల వెనకే. మూసీలో పడేసిన కవరు వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి దివిసీమ దారి పడుతుంది. సాయం చేయగలిగినవాళ్లూ ఇక్కడే ఉన్నారు. ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పెద్ద అలల హెచ్చరికలు ముందే ఇస్తుంది. ఆ కబురు అమావాస్య, పౌర్ణమి పోట్లతో కలిపి రాత్రి కాపలా తిరిగే కుర్రాడి ఫోన్‌కి చేరితే, ఆ రాత్రి పెట్టిన గుడ్లని అప్పటికప్పుడు పైకి మారుస్తాడు. వారం నాటి గూడైతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. బాలానగర్‌లో ఇస్రో వాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ అందుకునే ఉపగ్రహ చిత్రాల్లో తీరం ఎక్కడ కోసుకుపోతోందో కనబడుతుంది. ఈ రెండూ హేచరీ స్థలం ఎంచుకునే మీటింగులో కనబడాలి కదా?

ఇంకో మాట. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తల్లి తాబేళ్లు ఒడ్డు దగ్గర తిరిగేది జనవరి నుంచి మార్చి దాకా ఎక్కువ. మర బోట్లు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో గంటల తరబడి ఇరుక్కుంటే గాలి పీల్చే జీవి మునిగి చస్తుంది. వలలో తాబేలు బయటపడే టెడ్ చట్రం పెట్టనందుకే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యని కొనడం ఆపింది. రొయ్య కాస్త జారిపోతుందని బోటువాళ్ల భయం. ఆ నష్టం వాళ్ల నెత్తిన వేసి ఉపన్యాసాలిస్తే ఎవరూ బిగించరు.

ఈసారి వెళ్తే టీషర్టులు కాకుండా డిక్కీలో ఒక షేడ్‌నెట్ చుట్ట, నాలుగు థర్మామీటర్లు పెట్టుకెళ్లండి. ఇచ్చేముందు రీడింగుల పుస్తకం చూపించమనండి. జనవరి నుంచి రోజూ అంకె ఉంటే ఇచ్చేసి రండి. మీరు వస్తున్నారని నిన్న రాత్రి ఒకే పెన్నుతో నింపినట్టుంటే థర్మామీటర్లు వెనక్కి తెచ్చేసుకోండి.